లక్షకు ముగ్గురు: ప్లేట్‌లెట్లు పడిపోయే ఒక అరుదైన జబ్బును ఎలా లెక్కిస్తారు?

ఈశాన్య రుతుపవనాల వానలు కురిసి, పల్లాల్లో నీళ్లు నిలిచి, జ్వరాలు మొదలయ్యాక నెల్లూరు, ఒంగోలు ఆస్పత్రుల వరండాల్లో అందరి నోటా ఒకే మాట. ‘కణాలు నలభై వేలకు పడిపోయాయట’, ‘సాయంత్రానికి ఇరవై ఐదు వేలేనట’ అని బంధువులు ఫోన్లలో చెప్పుకుంటారు. వారిలో అత్యధికులది డెంగీ, లేదా మరో విషజ్వరం. వారం పది రోజుల్లో కణాలు మళ్లీ పెరుగుతాయి, మనిషి ఇంటికి వెళ్తాడు. ఎప్పుడో ఒకరి విషయంలో మాత్రం అలా జరగదు. జ్వరం తగ్గి మూడు వారాలైనా ప్లేట్‌లెట్ల అంకె కిందనే ఉంటుంది. కాళ్ల మీద సూదిమొనంత ఎర్రటి చుక్కలు కనబడతాయి, పళ్లు తోముకుంటే చిగుళ్ల నుంచి రక్తం వస్తుంది, దెబ్బ తగలకుండానే చర్మం కమిలిపోతుంది. అలాంటివారిలో కొందరికి తేలే జబ్బు పేరు ఐటీపీ, అంటే ఇమ్యూన్ థ్రాంబోసైటోపీనియా.

ఇది ఏటా లక్షమందిలో ముగ్గురికి వస్తుందని వైద్య గ్రంథాలు చెబుతాయి. ఆ ముగ్గురిని ఎక్కడ లెక్కపెట్టారు, ఎలా లెక్కపెట్టారు, ఆ లెక్క మన జిల్లాకు ఎంతవరకు సరిపోతుంది అన్నవి ఒకదాన్నొకటి పట్టుకుని వచ్చే ప్రశ్నలు. ఒక జబ్బు ఎవరికి, ఎంతమందికి, ఎక్కడ, ఎప్పుడు వస్తోందో తేల్చే శాస్త్రాన్ని ఎపిడెమియాలజీ అంటారు. జబ్బు ఎంత అరుదైతే ఆ శాస్త్రం పని అంత కష్టం.

శరీరం తన కణాలనే శత్రువుగా చూస్తే

ఆరోగ్యవంతుల రక్తంలో ఒక మైక్రోలీటరుకు సుమారు లక్షన్నర నుంచి నాలుగున్నర లక్షల ప్లేట్‌లెట్లు ఉంటాయి. గాయమైన చోట ఒకదానికొకటి అతుక్కుని రక్తం కారకుండా ఆపడం వాటి పని. ఎముక మూలుగలో పుట్టి, ఏడు నుంచి పది రోజులు బతుకుతాయి. ఐటీపీలో రోగనిరోధక వ్యవస్థ ఈ ప్లేట్‌లెట్ల మీదికే యాంటీబాడీలను వదులుతుంది. అవి అంటుకున్న కణాలను ప్లీహం గడువుకు ముందే పట్టి నాశనం చేస్తుంది. మూలుగలో కొత్తవి తయారయ్యే వేగమూ దెబ్బతింటుంది.

జర్మన్ వైద్యుడు పాల్ వెర్ల్‌హోఫ్ 1735లోనే ఈ జబ్బును వర్ణించాడు. కారణం తేలడానికి రెండు శతాబ్దాలు దాటింది. అమెరికాలో విలియం హారింగ్‌టన్ అనే యువ వైద్యుడు, ఒక రోగి రక్తంలో ప్లేట్‌లెట్లను చంపే పదార్థమేదో ఉందని అనుమానించి, ఆ రక్తాన్ని తన ఒంట్లోకే ఎక్కించుకున్నాడు. కొన్ని గంటల్లోనే అతని ప్లేట్‌లెట్లు ప్రమాదకరంగా పడిపోయాయి, కొద్ది రోజులకు మళ్లీ కోలుకున్నాయి. 1951లో వెలువడిన ఆ ఫలితాలతో, లోపం ఆ పదార్థంలో ఉందని, అది రక్తంలో తిరుగుతోందని రుజువైంది. నేటి పరిశోధన నియమాలు అలాంటి సాహసాన్ని అనుమతించవు. అయినా ఈ జబ్బు గురించి మనకు తెలిసిన చాలా సంగతులకు ఆ మనిషి ఒంటి మీద జరిగిన ప్రయోగమే పునాది.

ఇది అంటువ్యాధి కాదు. పిల్లల్లో ఎక్కువగా ఏదో ఒక వైరల్ జ్వరం తర్వాత హఠాత్తుగా వస్తుంది, నూటికి డెబ్బై ఎనభై మందిలో ఏడాదిలోపే తగ్గిపోతుంది. పెద్దల్లో నెమ్మదిగా మొదలై ఏళ్ల తరబడి ఉండిపోయే అవకాశమే ఎక్కువ. యౌవనంలో, నడి వయసులో పురుషులకంటే స్త్రీలలో ఎక్కువ, అరవై దాటాక ఆ తేడా చెరిగిపోతుంది. అందరూ భయపడే మెదడులో రక్తస్రావం, అనేక అధ్యయనాలను కలిపి చూసినప్పుడు, పెద్దల్లో సుమారు 1.4 శాతం, పిల్లల్లో సుమారు 0.4 శాతం మందిలో కనబడింది.

లెక్కపెట్టేవారికి అసలు చిక్కు వేరే ఉంది. ఐటీపీని ఖాయం చేసే ఒకే ఒక్క పరీక్ష లేదు. డెంగీ, మలేరియా, కాలేయ వ్యాధి, బి12 లోపం, హెచ్ఐవీ, హెపటైటిస్ సి, లూపస్ (రోగనిరోధక వ్యవస్థ సొంత శరీరం మీదే తిరగబడే మరో జబ్బు), వాడుతున్న మందులు, మూలుగ జబ్బులు, ఇవన్నీ చూసి, ఏవీ కావని తేలాక మిగిలినదాన్నే ప్రైమరీ ఐటీపీ అంటారు. లూపస్, హెచ్ఐవీ వంటి మరో జబ్బు తోడుగా ఉండి అదే తీరుగా ప్లేట్‌లెట్లు నశిస్తే అది సెకండరీ ఐటీపీ. కాబట్టి ఒక ఊళ్లో ఎన్ని ఐటీపీ కేసులు బయటపడతాయన్నది ఆ ఊళ్లో మిగతా పరీక్షలు ఎంత శ్రద్ధగా జరుగుతాయన్న దాని మీద కూడా ఆధారపడుతుంది.

గీత ఎక్కడ గీస్తే అన్ని కేసులు

ఒకప్పుడు ప్లేట్‌లెట్లు లక్షన్నరకు తగ్గితే చాలు, కొందరు ఐటీపీ లెక్కలో వేసేవారు. మరికొందరు యాభై వేలకు దిగితేనే లెక్కించేవారు. 2009లో అంతర్జాతీయ నిపుణుల బృందం ఈ గీతను లక్ష దగ్గర గీసింది. మూడు నెలల లోపుదాన్ని కొత్త కేసుగా, మూడు నుంచి పన్నెండు నెలలదాన్ని కొనసాగుతున్న కేసుగా, ఏడాది దాటితేనే దీర్ఘకాలికంగా పిలవాలని చెప్పింది.

లక్షే ఎందుకు? ఇటలీలో ఒక బృందం లక్షకూ లక్షన్నరకూ మధ్య అంకెలున్న ఆరోగ్యవంతులను ఏళ్ల తరబడి గమనించింది. పదేళ్లలో వారిలో ఐటీపీ వచ్చే అవకాశం నూటికి ఏడుకు మించలేదు. అంటే ఆ మధ్యనున్న వారిలో చాలామందికి అసలు జబ్బే లేదు. గర్భిణుల విషయం చూస్తే ఇది ఇంకా బాగా తెలుస్తుంది. నూటికి ఐదు నుంచి పది మంది గర్భిణుల్లో ప్లేట్‌లెట్లు కాస్త తగ్గి, కాన్పు తర్వాత సర్దుకుంటాయి. పాత గీతనే పట్టుకుని ఉంటే, గర్భిణులందరికీ సీబీపీ (రక్తకణాలన్నిటినీ లెక్కించే పరీక్ష) చేసే జిల్లాలో ఐటీపీ ఉన్నట్టుండి పెరిగిపోయినట్టు కనిపించేది.

ఇంకో పొరపాటు పరీక్షశాల గొట్టంలోనే పుడుతుంది. సీబీపీ కోసం రక్తం తీసే ఊదారంగు మూత గొట్టంలో రక్తం గడ్డకట్టకుండా ఈడీటీఏ అనే రసాయనం ఉంటుంది. సుమారు వెయ్యి నమూనాల్లో ఒకదాంట్లో ఈ రసాయనం వల్లే ప్లేట్‌లెట్లు గుంపులు కట్టి, యంత్రం వాటిని లెక్కించలేక తక్కువ అంకె చూపిస్తుంది. ఒక జిల్లాలో ఏడాదికి లక్ష సీబీపీలు జరుగుతాయని ఊహిస్తే, ఇలాంటి ఉత్తుత్తి తగ్గుదలలు నూరు. అదే జిల్లాలో నిజమైన ఐటీపీ కొత్త కేసులు, లక్షకు మూడు చొప్పున 25 లక్షల జనాభాకు 75. యంత్రం ఇచ్చిన కాగితాన్నే నమ్మి లెక్కవేస్తే అసలువాటి కంటే నకిలీలే ఎక్కువవుతాయి. గాజుపలక మీద రక్తాన్ని పూసి సూక్ష్మదర్శినిలో చూసే స్మియర్ పరీక్ష ఈ రెంటినీ విడదీస్తుంది. ఇంత చవకైన పరీక్ష ఒక అరుదైన జబ్బు గణాంకాలను ఇంతగా మార్చగలదన్నది సామాన్యులకు దాదాపు ఎవరూ చెప్పని విషయం.

వచ్చే నీరు, ఉన్న నీరు

పత్రికల్లో రోజూ సోమశిల జలాశయం వివరాలు వస్తాయి. పెన్నా నుంచి వస్తున్న ప్రవాహం ఒక అంకె, జలాశయంలో ఉన్న నిల్వ మరో అంకె. మొదటిది క్యూసెక్కుల్లో, రెండోది టీఎంసీల్లో. రెంటినీ కలిపి మాట్లాడితే అర్థం ఉండదు. జబ్బుల లెక్కల్లోనూ అంతే. ఒక ఏడాదిలో కొత్తగా జబ్బు బయటపడినవారి రేటు ఒకటి, ఫలానా రోజున ఆ జబ్బుతో ఉన్నవారందరి రేటు మరొకటి.

పెద్దల్లో కొత్త కేసుల రేటు పలు అధ్యయనాల సారాంశం ప్రకారం ఏటా లక్షకు 3.3, పిల్లల్లో 1.9 నుంచి 6.4 వరకు. ఉన్న రోగుల రేటు అమెరికా లెక్కల్లో లక్షకు పది అటూఇటూగా వచ్చింది. పరిస్థితి స్థిరంగా ఉన్నప్పుడు ఉన్న రోగుల రేటు అంటే కొత్త కేసుల రేటును జబ్బు సగటున ఉండే కాలంతో గుణించిన ఫలితం. లక్షకు పదిని మూడుతో భాగిస్తే సుమారు మూడేళ్ల నాలుగు నెలలు. కొన్ని వారాల్లో కోలుకునే పిల్లలు, ముప్పై ఏళ్లుగా మందులు వాడుతున్న పెద్దలు ఇద్దరూ కలిస్తే వచ్చిన సగటు అది. 25 లక్షల జిల్లాకు దీన్ని అన్వయిస్తే ఏటా 75 మంది కొత్తవారు, ఏ రోజు చూసినా సుమారు 250 మంది రోగులు. అరుదు అన్న మాట వినగానే మన చుట్టుపక్కల ఎవరూ ఉండరనుకుంటాం. కావలి నుంచి ఉదయగిరి దాకా, పొదిలి నుంచి మార్కాపురం దాకా చెదిరి ఉండటం వల్ల వారు ఒకరికొకరు తెలియరు, అంతే.

ఎన్ని ఉంటే అరుదు అన్నదానికీ ఒకే గీత లేదు. యూరప్‌లో పదివేల మందిలో ఐదుగురికి మించకపోతే అరుదైన జబ్బు. అమెరికాలో దేశం మొత్తం మీద రెండు లక్షల మందికంటే తక్కువ ఉండాలి. మన దేశంలో 2021లో వచ్చిన అరుదైన జబ్బుల జాతీయ విధానం అంకెతో నిర్వచనమే ఇవ్వలేదు, అందుకు తగిన గణాంకాలు లేవని ఆ పత్రమే చెప్పింది.

అరువు తెచ్చుకున్న అంకె మనకు సరిపోతుందా?

పైన చెప్పిన 75 అనే అంకె యూరప్, అమెరికాల రేటును మన జనాభాకు తగిలించగా వచ్చింది. అందులో రెండు సర్దుబాట్లు చేయాలి.

మొదటిది వయసు. డెన్మార్క్‌లో పెద్దల్లో ఈ జబ్బు బయటపడే మధ్యస్థ వయసు 56. వృద్ధుల్లో రేటు ఎక్కువ. ఒక ఊహాలెక్క చూద్దాం. అరవై లోపువారిలో లక్షకు ఇద్దరికి, అరవై దాటినవారిలో లక్షకు ఆరుగురికి జబ్బు వస్తుందనుకుందాం. జనాభాలో నాలుగో వంతు వృద్ధులున్న దేశంలో మొత్తం రేటు లక్షకు 3 అవుతుంది. వృద్ధులు 12 శాతమే ఉన్న జిల్లాలో అది 2.48కి దిగుతుంది. ఏ వయసువారికీ ముప్పు తగ్గలేదు, కానీ 75 కాస్తా 62 అయింది. మన ఆస్పత్రుల్లో కనిపించే ఐటీపీ రోగులు పాశ్చాత్య రోగులకంటే చిన్న వయసువారు కావడానికీ ఇది ఒక కారణం. మనవాళ్లకు జబ్బు తొందరగా వస్తోందని దాన్నిబట్టి తీర్మానించడం తప్పు.

రెండోది జనాభా లెక్క. రేటు కట్టాలంటే పైన కేసులు, కింద జనాభా ఉండాలి. 2011 జనగణన నాటి ఉమ్మడి నెల్లూరు జిల్లాలో సుమారు 29.6 లక్షల మంది, ప్రకాశంలో సుమారు 34 లక్షల మంది ఉన్నారు. 2022 ఏప్రిల్‌లో జిల్లాల పునర్విభజన జరిగినప్పుడు కందుకూరు ప్రకాశం నుంచి నెల్లూరులోకి వచ్చింది, గూడూరు, సూళ్లూరుపేట, వెంకటగిరి తిరుపతి జిల్లాలోకి వెళ్లాయి, చీరాల, పర్చూరు, అద్దంకి బాపట్లలో కలిశాయి. పాత జిల్లా కేసులను కొత్త జిల్లా జనాభాతో భాగిస్తే, ఎవరికీ కొత్తగా జబ్బు రాకుండానే రేటు పెరుగుతుంది.

డెంగీ నీడలో

ప్లేట్‌లెట్లు యాభై వేలకు తగ్గిన వ్యక్తికి ఐటీపీ ఉండే అవకాశం ఎంత? ఆ వ్యక్తి ఏ నెలలో, ఏ లక్షణాలతో వచ్చాడన్నదాన్ని బట్టి ఇది మారిపోతుంది. అక్టోబరు నుంచి డిసెంబరు దాకా మన ఊహాజిల్లాలో వెయ్యిమంది జ్వరంతో, యాభై వేలలోపు ప్లేట్‌లెట్లతో వచ్చారనుకుందాం. ఏడాదికి 75 కొత్త ఐటీపీ కేసులైతే ఆ మూడు నెలల వాటా సుమారు 19. వారందరికీ అదే సమయంలో జ్వరం వచ్చిందనుకున్నా, ఆ వెయ్యిమందిలో ఐటీపీ నూటికి ఇద్దరికి మించదు. ఇప్పుడు ఫిబ్రవరి నుంచి మే దాకా చూద్దాం. జ్వరం లేకుండా, మిగతా రక్తకణాలన్నీ మామూలుగా ఉండి, ప్లేట్‌లెట్లు మాత్రమే తగ్గినవారు 60 మంది అనుకుంటే, ఆ నాలుగు నెలల ఐటీపీ వాటా 25. అంటే నూటికి నలభై పైనే. అంకె అదే యాభై వేలు, అర్థం ఇరవై రెట్లు మారింది.

డెంగీలో ప్లేట్‌లెట్లు సాధారణంగా జ్వరం తగ్గే రోజుల్లో అట్టడుగుకు చేరి, ఎనిమిది, పది రోజులకు పైకి లేస్తాయి. ఆ సమయానికి తాగిన బొప్పాయి ఆకు రసానికో, ఎక్కించిన ప్లేట్‌లెట్ల సంచికో ఆ ఘనత దక్కుతుంది. సింగపూర్, మలేసియాల్లో జరిగి 2017లో ప్రచురితమైన ఒక పరీక్షలో, పెద్ద రక్తస్రావం లేని డెంగీ రోగులకు ముందుజాగ్రత్తగా ప్లేట్‌లెట్లు ఎక్కించినా రక్తస్రావం తగ్గలేదు. ఎపిడెమియాలజీ దృష్టిలో దీని పర్యవసానం ఇంకొకటి. జ్వరం తగ్గి ఇంటికి వెళ్లినవారు మళ్లీ సీబీపీ చేయించుకోకపోతే, నాలుగు వారాల తర్వాత కూడా అంకె కిందనే ఉన్న ఒకరిద్దరు డెంగీ లెక్కలోనే మిగిలిపోతారు. వైరల్ జ్వరం తర్వాత రెండు వారాలకే పరీక్షించి, తొందరపడి ఐటీపీ అని రాస్తే పొరపాటు రెండో వైపుకు ఒరుగుతుంది.

ఒకే మండలంలో నలుగురికి వస్తే

కనిగిరి ప్రాంతంలో ఫ్లోరైడ్ నీటితో తరాలు నలిగిపోయాయి. అందుకే ఏ కొత్త జబ్బు వచ్చినా జనం మొదట నీటినే అనుమానిస్తారు. ఆ అనుమానం అన్యాయమైనది కాదు, అనుభవం నేర్పినది. ఒక మండలంలో ఒకే ఏడాది నలుగురికి ఐటీపీ వచ్చిందని తెలిస్తే ఆందోళన పుట్టక మానదు.

యాభై వేల జనాభా ఉన్న మండలంలో ఏడాదికి సగటున ఒకటిన్నర కేసులు రావాలి. కేవలం యాదృచ్ఛికంగానే అలాంటి మండలంలో ఏడాదిలో ఒక్క కేసూ రాకపోయే అవకాశం నూటికి 22, నాలుగు లేదా అంతకంటే ఎక్కువ వచ్చే అవకాశం నూటికి దాదాపు ఆరున్నర. అలాంటి మండలాలు యాభై ఉంటే, నీటిలో ఏమీ లేకుండానే ఏటా మూడింట్లో నాలుగు లేదా అంతకంటే ఎక్కువ కేసులు కనబడతాయి, పదకొండింట్లో సున్నా. సున్నా వచ్చిన పదకొండూ వార్త కావు. అదే మండలం వరుసగా మూడేళ్లు ముందు నిలిస్తే అది వేరే సంగతి. యాదృచ్ఛికత సాధారణంగా ఒకే చోట పాతుకుపోదు. అప్పుడు ఆ ఊళ్లో ఏ మందు వాడారు, ఏ జ్వరం తిరిగింది, కొత్తగా ఏ పరీక్షశాల తెరిచారు అని వెదకడానికి కారణం ఉంటుంది.

టీకా తర్వాత వస్తే, టీకా వల్లేనా?

తన కొవిడ్ టీకా (మన దగ్గర కొవిషీల్డ్) చాలా అరుదుగా ఒక జబ్బుకు దారితీయవచ్చని ఆస్ట్రాజెనెకా కోర్టుకిచ్చిన పత్రాల్లో ఒప్పుకుందని 2024 ఏప్రిల్‌లో వార్త వచ్చినప్పుడు కొవిషీల్డ్ వేయించుకున్న లక్షల మంది ఉలిక్కిపడ్డారు. ఆ వార్తలోని జబ్బు ఐటీపీ కాదు. ప్లేట్‌లెట్లు తగ్గుతూనే రక్తనాళాల్లో గడ్డలు కట్టే వేరొక రోగనిరోధక చర్య అది. బ్రిటన్‌లో మొదటి డోసు తర్వాత యాభై వేల నుంచి లక్ష మందిలో ఒకరికి వచ్చింది, అదీ టీకా వేసిన తర్వాతి కొద్ది వారాల్లోనే.

ఐటీపీ సంగతి వేరుగా చూడాలి. స్కాట్లండ్ అధ్యయనంలో ఇదే టీకా తర్వాత అదనంగా లక్ష డోసులకు 1.13 ఐటీపీ కేసులు కనిపించాయి. అంటే సంబంధం లేకపోలేదు, కాకపోతే స్వల్పం. ఇక యాదృచ్ఛికంగా వచ్చేవి ఎన్ని? ఇరవై లక్షల మంది టీకా వేయించుకున్న జిల్లాలో, టీకా ఊసే లేకపోయినా ఏడాదికి 60 కొత్త కేసులు వస్తాయి. ఏ నాలుగు వారాలు తీసుకున్నా నాలుగైదు. టీకా తర్వాత నెలలోపు జబ్బు వచ్చిన కుటుంబానికి తమది ఏ కోవకు చెందుతుందో ఏ గణాంకమూ చెప్పలేదు. గణాంకం గుంపు గురించి మాట్లాడుతుంది, వారి బాధ ఒక మనిషిది. ఆ తేడాను వారికి ఓపికగా చెప్పడమే మర్యాద.

తట్టు, గవదబిళ్లలు, రుబెల్లా రాకుండా పిల్లలకు వేసే ఎంఎంఆర్ టీకా తర్వాత ముప్పై, నలభై వేల డోసులకు ఒకరికి ఇలా ప్లేట్‌లెట్లు తగ్గుతాయి. రుబెల్లా జబ్బే వస్తే సుమారు మూడు వేలమందిలో ఒకరికి తగ్గుతాయి.

ఆసియాలో నిజంగానే తక్కువా?

జపాన్ లెక్కల్లో కొత్త కేసుల రేటు లక్షకు 2.16, ఫ్రాన్స్‌లో 2.9, బ్రిటన్‌లో పెద్దల్లో 3.9. జన్యువులు, ఆహారం, సోకే క్రిముల తేడా వల్ల ఆసియావాసులకు ఈ జబ్బు తక్కువని ఒక వాదం. దానికి కొంత ఆధారం ఉంది. కడుపులో చేరే హెలికోబ్యాక్టర్ పైలోరీ అనే క్రిమిని మందులతో తొలగిస్తే, జపాన్‌లో ఆ క్రిమి ఉన్న ఐటీపీ రోగుల్లో దాదాపు సగం మందికి ప్లేట్‌లెట్లు పెరిగాయి. అమెరికాలో అలాంటి ఫలితం చాలా తక్కువ. జబ్బు పేరు ఒకటే అయినా దాన్ని రేపే కారణాలు ప్రాంతాన్ని బట్టి మారవచ్చు.

రెండో వాదం ప్రకారం ఇదంతా లెక్కించే పద్ధతిలోని తేడా. బ్రిటన్ అంకె కుటుంబ వైద్యుల రికార్డుల నుంచి, ఫ్రాన్స్ అంకె దేశమంతటికీ వర్తించే ఆరోగ్య బీమా నుంచి, జపాన్ అంకె ప్రభుత్వ సాయానికి దరఖాస్తు చేసినవారి పత్రాల నుంచి వచ్చాయి. జబ్బు స్వల్పంగా ఉండి దరఖాస్తు చేయనివారు జపాన్ లెక్కలో చేరరు. నాకు రెండో వాదమే బలంగా తోస్తుంది. హెలికోబ్యాక్టర్ ఫలితాలు జబ్బు తీరులో తేడాను చూపుతున్నాయే తప్ప, జబ్బు తక్కువని చెప్పడం లేదు.

బండెక్కి వెళ్లిపోయే కేసులు

నెల్లూరు నుంచి చెన్నై మూడు గంటల ప్రయాణం. కణాలు ఎంతకీ పెరగకపోతే ఇంట్లో పెద్దలు చెన్నై తీసుకెళ్దామంటారు, లేదంటే కాట్పాడిలో దిగి వేలూరు సీఎంసీకి, లేదా తిరుపతి స్విమ్స్‌కు. మార్కాపురం, గిద్దలూరు వైపువారు కర్నూలు, హైదరాబాద్, గుంటూరు దారి పడతారు. డెన్మార్క్‌లో 1968 నుంచి ప్రతి పౌరుడికీ ఒకే నంబరు ఉంది, రోగి ఏ ఊళ్లో చూపించుకున్నా లెక్కలో ఒకేసారి కనబడతాడు. మన రోగి మాత్రం నెల్లూరు పుస్తకంలో ‘జ్వరం, ప్లేట్‌లెట్లు తక్కువ’గా, చెన్నై పుస్తకంలో ‘ఐటీపీ, ఆంధ్రప్రదేశ్’గా రెండు సగాలై మిగులుతాడు. పెద్ద ఆస్పత్రుల సమాచారంలో తీవ్రమైన కేసులే ఎక్కువగా ఉండటానికీ కారణం ఇదే. అరవై వేల దగ్గర ఆగి, ఏ ఇబ్బందీ లేని మనిషి బండి ఎక్కడు.

ఇలాంటి చోట రెండు జాబితాలను పోల్చి, కంటికి కనబడనివారిని అంచనా కట్టే పద్ధతి ఒకటుంది. ఉదాహరణకు, జిల్లా ఆస్పత్రులన్నిటి జాబితాలో ఒక ఏడాది 40 మంది ఐటీపీ రోగులు, బయటి నగరాల ఆస్పత్రుల జాబితాలో ఈ జిల్లావారు 30 మంది ఉన్నారనుకుందాం. రెండింట్లోనూ ఉన్నవారు 20. నలభైని ముప్పైతో గుణించి ఇరవైతో భాగిస్తే 60. మనకు కనిపించినవారు 50 మందే కాబట్టి, ఏ జాబితాకూ ఎక్కనివారు సుమారు పదిమంది. ఈ లెక్కకు ఒక షరతు ఉంది: ఒక జాబితాలో చేరడం రెండోదాంట్లో చేరడాన్ని ప్రభావితం చేయకూడదు. మన దగ్గర జిల్లా వైద్యుడే చీటీ రాసి చెన్నై పంపుతాడు. దానివల్ల రెండింట్లో కనబడేవారు ఉండాల్సినదానికంటే ఎక్కువవుతారు, భాగహారంలో కింది అంకె పెరుగుతుంది, అంచనా తగ్గుతుంది. కాబట్టి ఇలా వచ్చిన 60ని కనీస సంఖ్యగా చదవాలి. బీమా పథకాల క్లెయిములో, పరీక్షశాలల స్మియర్ ఫలితాలో మూడో జాబితాగా చేరితే, ఏ రెండు జాబితాలు ఒకదాని మీద ఒకటి ఎంత ఆధారపడ్డాయో కూడా కొలవవచ్చు. దానికి కావలసింది ప్రతి ఆస్పత్రి పుస్తకంలోనూ రోగి సొంత ఊరి పిన్‌కోడు కోసం ఒక గడి.